ధనియాల నీళ్లూ, పెళ్లి బంతిలో వైద్య పరిషత్తూ

ధనియాలకు మనం తీరని అన్యాయం చేశాం. తరతరాలుగా చారులోనూ కూరపొడిలోనూ వెట్టిచాకిరీ చేయించామే గానీ, వాటిలో హార్మోన్ల జబ్బులు చూసే ఒక ఎండోక్రైనాలజిస్టు దాగున్నాడని కనిపెట్టలేకపోయాం. వాట్సాప్ పుణ్యమా అని ఇన్నాళ్లకు ఆ గౌరవం దక్కింది. రాత్రి రెండు చెంచాలు నానబెట్టి, పొద్దున్నే మరిగించి, వడకట్టి తాగితే చాలట. థైరాయిడ్ కరిగిపోతుందట, దాంతోపాటు ముప్పై కిలోలూ కరిగిపోతాయట. మెడలో ఉండాల్సిన గ్రంథి కరిగిపోతే ఆ మనిషి గతేమిటో వీడియోలో చెప్పలేదు. లైకు కొట్టమని మాత్రం రెండుసార్లు చెప్పారు.

ఈ శాస్త్రానికి మన జిల్లాలో పరిశోధనాలయం పెళ్లి బంతి. శ్రీకాకుళంలో ముహూర్తాల రోజుల్లో ఏ కల్యాణమండపానికైనా వెళ్లి చూడండి. తొంభై అయిదు కిలోల కోడలొకతె విస్తరి ముందు కూర్చుంటుంది. పులిహోర ఇంకా పడనేలేదు, పక్క విస్తరి పెద్దమ్మ అందుకుంటుంది.

"ఓలమ్మో, ఏటే ఇలగైపోనావు? తైరాయిడ్డా?"

"అవును పెద్దమ్మా, మాత్ర ఏసుకుంటన్నాను."

"మాత్రలేటి! అలవాటైపోతే ఇంక ఒదల్తాయేటి? మా మరిది కోడలు దనియాల నీళ్లు తాగి నెల్లాళ్లలో పుల్లలాగైపోనాది."

ఎదుటి వరసలో పిన్ని లేచి కేబేజీని నిషేధిస్తుంది. ఆవిడ పక్కనున్న వదినగారు ఇంట్లో ఉప్పు పారబోసి హిమాలయాల గులాబీ ఉప్పు తెచ్చుకోమంటుంది. రిటైరైన మామయ్య ఒకాయన, పెరుగన్నం కలుపుతూనే, "రోజుకి ఒకటి కాదు, రెండు మాత్రలు మింగమ్మా, జోరుగా తగ్గిపోద్ది" అని ప్రిస్క్రిప్షన్ రాస్తాడు. చివరికి వడ్డించే కుర్రాడు కూడా బకెట్టు దించి, తేనె, నిమ్మరసం, గోరువెచ్చని నీళ్లు అని తన అభిప్రాయం చెప్పి, అదే నోటితో "నెయ్యి ఇంకో గరిటె ఎయ్యనా అప్పా?" అంటాడు. పరిషత్తు తీర్మానం ముగిసేసరికి విస్తర్లో రెండు బూరెలు పడి ఉంటాయి. వద్దంటే పెళ్లివారికి అవమానం.

ఒక్కొక్క తీర్మానమూ చూద్దాం. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో ఉడికించిన కేబేజీ పాపం ఎవరి జోలికీ రాదు. గులాబీ ఉప్పులో చాలా వాటికి అయోడిన్ కలపరు. అయోడిన్ చాలక థైరాయిడ్ గ్రంథి వాచి మెడ ఉబ్బే గాయిటర్ రాకుండా చూడాలని ప్రభుత్వం 1962 నుంచి కార్యక్రమం నడుపుతుంటే, మనం డబ్బిచ్చి మరీ అయోడిన్ లేని ఉప్పు కొనుక్కుంటున్నాం. రెండు మాత్రల మామయ్య మాట వింటే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది, ఎముక పలచబడుతుంది, గుండె లయ తప్పుతుంది.

పైగా ఆ మాత్ర అలవాటు కాదు, లోటు భర్తీ. గ్రంథి తయారు చేయలేకపోతున్న హార్మోనునే లీవోథైరాక్సిన్ పేరుతో బయటినుంచి ఇస్తున్నారు. పరగడుపున, ఉత్త మంచినీళ్లతో, టిఫినుకు అరగంట, కుదిరితే గంట ముందు వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటలు ఎడముండాలి. మన ఇళ్లలో మాత్ర ఒక చేత, టీ గ్లాసు ఒక చేత. సీసా పొయ్యి పక్క గూట్లో, వేడికీ ఆవిరికీ ఉడుకుతూ. ఆనక, హార్మోను చాలనప్పుడు రక్తపరీక్షలో పెరిగి కనిపించే టీఎస్‌హెచ్ దిగలేదని మందుని తిట్టడం. మోతాదు మార్చాక పది రోజులకే పరీక్షకు పరుగెత్తితే ల్యాబుకే లాభం. ఆ హార్మోను ఒంట్లో నెమ్మదిగా కుదురుకుంటుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మింగేవాళ్లు పరీక్షకు రెండు రోజుల ముందే ఆపాలి, లేకపోతే రిపోర్టు అబద్ధం చెబుతుంది.

ఇక బరువు. థైరాయిడ్ మందగించి తెచ్చిపెట్టేది మామూలుగా రెండు నుంచి నాలుగైదు కిలోలు. అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ. మాత్ర కుదిరితే ఆ మేరకు దిగుతుంది, నడవనివ్వని నీరసమూ తగ్గుతుంది. మిగతా పాతిక కిలోలు కంచంలోనే తేలాలి. కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. రోజుకి 500 తగ్గిస్తే వారానికి అరకిలో, అదీ కాగితం మీద. పాతిక కిలోలకు ఏడాది దాటుతుంది. నెల్లాళ్ల మరిది కోడలు ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు. వంద గ్రాముల అన్నం 130 కేలరీలైతే, పెద్ద చెంచాడు నూనె 120. అందరూ అన్నాన్నే తిడతారు, వేపుడు మూకుడు వైపు ఒక్కరూ చూడరు. చోడి (రాగి) అంబలి మంచిదే, అన్నానికి బదులుగా తాగితే. అన్నం పైన తాగితే అదీ లెక్కలోకొస్తుంది. పది, ఇరవై కిలోలు నిజంగా తగ్గాక పాత మోతాదే ఎక్కువైపోవచ్చు. చేతులు వణికినా, నిద్ర పట్టకపోయినా మళ్లీ టీఎస్‌హెచ్ చూపించుకోవాలి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. పెళ్లిచూపుల ముందు "ఆ సీసా దాచీయే, అత్తోరికి తెలిస్తే ఏటనుకుంటారు" అనే దగ్గర నాకు నవ్వు రాదు. పెళ్లయ్యాక ఆ సీసా బీరువాలో చీరల కింద ఉంటుంది. మాత్ర వేసుకునేది పరగడుపున కాదు, ఎవరూ చూడనప్పుడు. చూస్తే ఆ పూటకి లేదు. ఆ పిల్ల నెల తప్పుతుంది. మొదటి మూడు నెలలూ కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి కావలసిన హార్మోను తల్లి నుంచే అందాలి. నెల తప్పిందని తెలియగానే డాక్టర్ని కలిస్తే మోతాదు నాలుగో వంతు దాకా, ఒక్కోసారి ఇంకాస్త పెంచుతారు. సరిగ్గా అప్పుడే "కడుపుతో ఉన్నదానికి మందులేటి" అని మాన్పిస్తారు! వాళ్లను పెద్దలనాలా? కడుపు నిలవకపోతే గొడ్రాలనేదీ, లావెక్కిందని బంతిలో పరువు తీసేదీ ఆ నోళ్లే. సిగ్గుండాలి.

ఈ భయాన్నే పొడి డబ్బాల్లో నింపి అమ్ముతున్నారు. మాత్ర మానెయ్యండి, మా మూలికలు వాడండి అంటారు. థైరాయిడ్ కోసమని అమ్మే ఇలాంటి సరుకుని పరీక్షిస్తే కొన్నింటిలో అసలు హార్మోనే బయటపడింది. అంటే మానెయ్యమన్న మందునే, మోతాదు చెప్పకుండా మింగిస్తున్నారన్నమాట. గుండె దడగా ఉందని ఫోను చేసి చూడండి: "విషాలు బయటికి పోతన్నాయమ్మా, ఇంకో డబ్బా తెప్పించుకోండి."