83 మంది చుట్టాలుండగా దిగులేంటండీ

బ్రిటన్ వాళ్ళు 2018లో ఒంటరితనానికి ఒక మంత్రిని పెట్టుకున్నారు. జపాన్ వాళ్ళు 2021లో పెట్టుకున్నారు. పాపం, వాళ్ళకి పెద్దమ్మలు లేరు. మన దగ్గర ఆ శాఖ ఇంటింటికీ ఉంది, బడ్జెట్ కూడా అడగదు, కాకపోతే మధ్యాహ్నం భోజనానికి వచ్చి రాత్రి భోజనం కూడా కానిచ్చి వెళ్తుంది.

హార్వర్డ్ వాళ్ళది ఇంకా విడ్డూరం. 1938లో 268 మంది కాలేజీ కుర్రాళ్ళతో మొదలుపెట్టి, బోస్టన్ పేదవాడల నుంచి ఇంకో 456 మంది పిల్లల్ని కలుపుకుని, వాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా రక్తాలు తీసి, ప్రశ్నలడిగి చివరికి తేల్చిందేంటంటే, యాభై ఏళ్ళప్పుడు ఎవరికి తమ మనుషులతో తృప్తిగా ఉందో వాళ్ళే ఎనభైలో ఆరోగ్యంగా ఉన్నారట, కొలెస్ట్రాల్ లెక్క కూడా అంత బాగా చెప్పలేకపోయిందట. దీనికి అన్నేళ్ళా? మా బాబాయి "నలుగురిలో తిరగరా, అన్నీ అవే పోతాయి" అని రెండు నిమిషాల్లో తేల్చేస్తాడు.

సరే, తిరిగాను. మొన్న మా పిన్ని కూతురి పెళ్ళిలో రెండో బంతిలో కూర్చున్నాను. ఆకులో పులిహోర పడేలోపు "ప్యాకేజీ ఎంత?", పప్పు పడేలోపు "ఇంకా అద్దిల్లేనా?", పెరుగు దాకా వచ్చేసరికి పక్కావిడ నా నెత్తి చూసి "అప్పుడే పల్చబడిందే!" అంది. ఎదుటి వరసలో ఒకాయన "ఎలా ఉన్నావ్?" అని కూడా అడిగాడు, అబద్ధమాడకూడదు. "అంత బాగా..." అని నేను మొదలుపెట్టేసరికి ఆయన సాంబారు కుర్రాణ్ణి కేకేస్తున్నాడు.

మా ఫ్యామిలీ గ్రూప్‌లో 83 మందిమి. ఒక రాత్రి ఒంటిగంటన్నరకి, వారం నుంచి కంటి మీద కునుకు లేక, "నిద్ర పట్టట్లేదు, ఏదో భయంగా ఉంటోంది" అని పెట్టాను. తెల్లారేసరికి గులాబీలతో 19 గుడ్ మార్నింగ్‌లు. గసగసాల పాలు తాగమని ఇద్దరు, దిష్టి తీయించుకోమని ఒకరు, ఫోన్ చూడటం మానెయ్యమని ఫోన్‌లోనే ఇంకొకరు. "మా రోజుల్లో ఈ టెన్షన్లు ఎక్కడివి" అన్న మామయ్య పొద్దున బీపీ మాత్ర, రాత్రి నిద్రమాత్ర మీద ఉంటాడు. మనసు బాగోనప్పుడు ఫోన్ చేసి మాట్లాడ్డానికి ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్ ఉందిగా, 14416, తెలుగులోనే మాట్లాడతారు, చేస్తానన్నాను. పెద్దమ్మ వెంటనే ఫోన్ చేసింది. "ఇలాంటివి బయట అనకు నాన్నా, నీ తమ్ముడికి ఇంకా సంబంధాలు చూడాలి."

2006లో అమెరికా వాళ్ళ ప్రయోగం ఒకటి బయటికొచ్చింది. పెళ్ళైన ఆడవాళ్ళని స్కానింగ్ మిషన్‌లో పడుకోబెట్టి, కరెంటు షాక్ కొడతామని బెదిరించి, మొగుడి చెయ్యి పట్టుకోనిస్తే మెదడులో కంగారు తగ్గిందట, ముక్కూమొహం తెలియనివాళ్ళ చెయ్యైతే అంతగా తగ్గలేదట, కాపురం బాగున్నవాళ్ళకి మరీ బాగా తగ్గిందట. మన దగ్గరైతే ముందు చెయ్యి ఎవరు పట్టుకోవాలన్న దగ్గరే ప్రయోగం ఆగిపోతుంది. అక్కడితో ఊరుకోక, హార్వర్డ్ అధ్యయనం నడిపే వాల్డింగర్ గారు 2015లో, ప్రేమ లేని పోట్లాటల కాపురం ఒంటికి విడాకుల కంటే చేటు కావచ్చన్నారు. ఆయన్ని ఎవరూ "సర్దుకుపో అమ్మా" పంచాయితీలకి పిలిచినట్టు లేరు.

ఇక అసలు ఫిర్యాదు. నాకో ఫ్రెండున్నాడు. చుట్టం కాదు, గ్రూప్‌లో లేడు. మూడు రోజులు టీ కొట్టు దగ్గరికి రాలేదని కనిపెట్టి, పేపర్లో చుట్టిన మిరపకాయ బజ్జీలతో సరాసరి మా డాబా ఎక్కాడు. "ఏంట్రా?" అన్నాడు. అంతే. నేను ఈఎంఐ గురించి, మేనేజర్ గురించి, రాత్రిళ్ళు రెండింటికి గుండె దడదడలాడటం గురించి నలభై నిమిషాలు వాగుతుంటే, ఈ పెద్దమనిషి ఒక్క సలహా ఇవ్వలేదు. కషాయం పేరెత్తలేదు. మా అత్తకొడుకు అమెరికాలో ఇల్లు కొన్న సంగతి గుర్తుచేయలేదు. మధ్యమధ్యలో "ఊఁ" అన్నాడు, చివరి బజ్జీ నాకే వదిలేశాడు, మెట్లు దిగుతూ "పొద్దున ఆరింటికి వస్తా, నడుద్దాం. 14416కి నువ్వు చేస్తావా, నేను కలపనా?" అన్నాడు.

ఇంత బాధ్యత లేని మనిషిని నేను చూడలేదు. పైగా ఆ రాత్రి ఎప్పుడు నిద్ర పట్టిందో కూడా నాకు తెలీదు. అందుకే వాణ్ణి 84వ సభ్యుడిగా చేర్చి, నాలుగు రోజులు గులాబీలు చూపించి దారిలో పెట్టమని అడ్మిన్ బాబాయికి మెసేజ్ పెట్టాను.