కొలవని గజాలకు సుంకమా?

రెండు వందల గజాల ఇల్లని కొనుక్కుని, చేరిన తర్వాత టేపు పట్టించి చూస్తే నూట ఎనభై గజాలే తేలడం, మిగిలిన స్థలం పక్కింటి ప్రహరీ లోపలో, రోడ్డులోనో, నాలా బఫర్‌లోనో (నాలా పక్కన కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగాలోనో) కలిసిపోయి ఉండటం తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఎవరినీ ఆశ్చర్యపరచనంత మామూలైపోయింది. బాధితుడు సబ్‌రిజిస్ట్రార్ దగ్గరికి వెళితే తమ పని దస్తావేజు వరకేనంటారు. మున్సిపాలిటీకి, ఠాణాకు వెళితే ఇది సివిల్ తగాదా, కోర్టుకు పొమ్మంటారు. ప్రభుత్వం మాత్రం తనకు రావలసింది ముందే తీసేసుకుంది.

అది చిన్న మొత్తమేమీ కాదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు రాష్ట్రాల్లోనూ విక్రయ దస్తావేజుపై 7.5 శాతం దాకా పడుతోంది. 60 లక్షల రూపాయల ఇంటికి నాలుగున్నర లక్షలు. స్థలం విలువ కట్టేది గజాల లెక్కనే. గజానికి ఇంత అని నిక్కచ్చిగా వసూలు చేసే యంత్రాంగం, ఆ గజాలు నేల మీద ఉన్నాయో లేవో చూసే బాధ్యత తనది కాదనడాన్ని మేము అంగీకరించలేము.

ఆస్తిని గుర్తించడానికి సరిపడా వివరం లేని పత్రాన్ని నమోదుకు స్వీకరించరాదని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. ఆచరణలో జరుగుతున్నదేమిటి? పాత దస్తావేజులోని చెక్కుబందిని, అంటే నాలుగు దిక్కుల హద్దుల వివరాన్ని, లేఖరి యథాతథంగా కొత్తదానిలోకి ఎక్కిస్తారు. తూర్పున ‘ఇతరుల స్థలం’ అని రాసి ఉంటే, ఆ ఇతరులు ఎవరో, వారి గోడ ఎక్కడుందో ఎవరూ అడగరు. ఒకప్పటి బండ్లబాట నలభై అడుగుల రోడ్డయినా పత్రంలో బాటగానే మిగులుతుంది. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే విలువనిస్తాయి. కోర్టు దేనిని ప్రమాణంగా తీసుకుంటుందో సరిగ్గా దానినే రిజిస్ట్రేషన్ రోజున ఎవరూ కొలవడం లేదు.

యాజమాన్య హక్కును తేల్చే అధికారం రిజిస్ట్రారుకు లేదని తమిళనాడు రిజిస్ట్రేషన్ నిబంధనపై 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసిన మాట నిజమే. కొనేవారు జాగ్రత్తపడాలన్నదీ నిజమే. కానీ మేము కోరుతున్నది హక్కు విచారణ కాదు, కొలత. ఆస్తిపై నమోదైన లావాదేవీల ధ్రువపత్రమైన ఈసీలో పాత లావాదేవీలు కనిపిస్తాయి తప్ప ప్రహరీ ఎటు జరిగిందో కనిపించదు. జీవితకాలపు పొదుపుతో ఇల్లు కొనే ఉద్యోగిని సర్వే పటాలు చదవలేదని తప్పుపట్టడం అన్యాయం.

కొలత సాధ్యం కాదనే వాదనకూ ఇప్పుడు తావు లేదు. సాగు భూమి రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతపరచాలన్న సూత్రాన్ని 2025లో అమలులోకి వచ్చిన భూభారతి చట్టంతో తెలంగాణ అంగీకరించింది. ఆంధ్రప్రదేశ్ 2020 డిసెంబరులోనే భూముల రీసర్వే మొదలుపెట్టింది. పట్టణ ఆస్తుల కోసం కేంద్రం ‘నక్షా’ పేరుతో 152 పట్టణాల్లో ప్రయోగాత్మక సర్వేకు 2025 ఫిబ్రవరిలో శ్రీకారం చుట్టింది. పొలానికి పటం కావాలన్న ప్రభుత్వం, దానికి ఎన్నో రెట్ల సుంకం చెల్లించే ఇంటి స్థలానికి మాత్రం నాలుగు వాక్యాల చెక్కుబంది చాలనడం ఏ న్యాయం?

చెరువుల విషయంలో ఈ ద్వంద్వ నీతి మరీ దారుణంగా బయటపడింది. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్ల బఫర్ ఉండాలని 2012 నాటి భవన నిబంధనలే చెబుతున్నాయి. చెరువులను మింగినవారి పట్ల మాకు సానుభూతి లేదు. కానీ సుంకం తీసుకుని దస్తావేజు నమోదు చేసి, ఇంటి పన్నూ వసూలు చేసిన ప్రభుత్వమే, హైదరాబాద్‌లో ఆక్రమణలను కూల్చే సంస్థ హైడ్రా యంత్రాలు గుమ్మం ముందుకు వచ్చిన రోజున హద్దు గుర్తుచేసుకుంటే, మధ్యలో చితికిపోయేది చివరగా కొన్నవారే.

అమ్మేవారు ఆస్తిలోని ముఖ్య లోపాలను చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నిర్దేశిస్తున్నా, దానిని పట్టుకుని దావా వేసినవారికి, స్థలాన్ని చూసి రమ్మని కోర్టు నియమించే కమిషనర్ నివేదికకే ఏళ్లు గడుస్తున్నాయి. అందుకే లైసెన్సుడు సర్వేయర్ కొలిచి, ఇరుగుపొరుగుకు నోటీసు ఇచ్చి తయారుచేసిన పటం లేనిదే ఇల్లు, ప్లాటు రిజిస్ట్రేషన్ జరగరాదు. ఆ పటాన్ని చెరువులు, నాలాల హద్దులతో అదే రోజున సరిచూడాలి. తర్వాత గజాలు తగ్గినట్లు తేలితే ఆ మేరకు సుంకాన్ని వాపసు చేయాలి. రాబడి కోసం మార్కెట్ విలువలను సవరించడానికి రెండు ప్రభుత్వాలకూ ఎప్పుడూ తీరిక దొరుకుతూనే ఉంది. కొలిచి ఇవ్వడానికి మాత్రం దొరకదనడం సిగ్గుచేటు.