వచ్చేస్తోందండీ!

ఆయిలింజను సైలెన్సరు బోల్టు ఊడదీయడానికి 13 నంబరు పానా ఒకటి కావాలి. సలహాలిచ్చేవాళ్ళని ఎవరూ పిలవక్కర్లేదు, చెరువు గట్టు మీద వాళ్ళే మొలుస్తారు.

అంతర్వేది వైపు ఉప్పుగాలికి బోల్టు పట్టేయడం వింత కాదు. ఇనుము తుప్పయితే ఉబ్బుతుంది, ఆ ఉబ్బు మరల సందులో బిగదీసుకుంటుంది. దానికి పైన సైలెన్సరు వేడి ఒకటి. ఇలాంటిదానికి తుప్పు వదిలించే నూనె పోసి, తల మీద సుత్తితో నాలుగు తగిలించి, రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్నే ముందు రవంత బిగించి, అప్పుడు వదులు చెయ్యాలి. కానీ కాలవలో పోటుంది, రొయ్యల చెరువుకి ఇప్పుడే నీళ్ళు ఎక్కించాలి. ఎవరాగుతారండీ?

"గొట్టం తగిలించు బాబాయ్!"

ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు మామూలు బిగింపు 25 న్యూటన్ మీటర్లు. పానాకి రెండడుగుల గొట్టం తొడిగి, చివర పది కిలోల బరువుతో లాగినా 60 దాటిపోదూ? బాబాయ్ మాత్రం ఒళ్ళంతా వేలాడేశాడు.

"వచ్చేస్తోందండీ! ఆయ్, వచ్చేస్తోంది!"

నిజంగా వచ్చే బోల్టు కీచుమంటుంది. ఇది మాత్రం చప్పుడు లేకుండా, జీళ్ళ పాకంలా మెత్తగా తిరిగింది. అంటే రావట్లేదు, మెలిపడుతోంది.

టక్.

గట్టు మీదవాళ్ళంతా ఒక్కసారిగా రొయ్యల ఆరోగ్యం చూడ్డంలో పడ్డారు.

పోనీ విరిగిన బోల్టు మొండెం రెండు మరలు పైకే ఉంది కదా, నేరుగా వెల్డింగుకి పోవచ్చు. పోలేదు. డ్రిల్లు జారకుండా నడిమధ్య గుంట పెట్టే సెంటర్ పంచ్ కొట్టకుండానే బెజ్జం వేశారు, అది కాస్తా ఓ పక్కకి పోయింది. అందులో, విరిగిన బోల్టుని లోపల్నించి పట్టి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్ దింపి మళ్ళీ అదే గొట్టం! గట్టిదే, కానీ పెళుసు. అదీ విరిగి లోపలే కూర్చుంది. ఇక దాని మీద మామూలు డ్రిల్లు బిట్టు జారడమే గానీ దిగదు.

చివరికి వెల్డింగు కుర్రాడొచ్చాడు. మొండెం మీద నట్టు పెట్టి, నట్టు బెజ్జంలోంచే వెల్డింగు నింపాడు. ఎరుపు చల్లారేదాకా టీ తాగాడు. ఆ వేడికి సాగి, చల్లారి ముడుచుకునేసరికి తుప్పు పట్టు వదిలింది. మామూలు పానాతో ముందుకో పిసరు, వెనక్కో పిసరు.

కీచుమంది.

"కొత్త బోల్టు పట్టెయ్యకుండా కాపర్ గ్రీజు రాయండి బాబాయ్."

"ఎందుకురా? మళ్ళీ ఊడదీస్తావా ఏంటి?"