మద్దెల మాస్కోది

వార్ థండర్ అనే వీడియో ఆటలో అమెరికా అబ్రామ్స్ ట్యాంకును బట్టబయలు మైదానం నడుమ నిలిపి, పక్కనుంచి వచ్చిన రష్యా ట్యాంకు టి-80 గుండుకు పేలిపోయిన ప్రతి వీరుడూ మరుక్షణం అంతర్జాతీయ వ్యవహారాల నిపుణుడైపోవడం మనం చూస్తున్నదే. ఆయన నిర్ధారణ ఒక్కటే: రష్యా పక్షపాతం. ఆటను తయారుచేసిన గైజిన్ సంస్థ 2002లో మాస్కోలో పుట్టిందాయె, ఇక వేరే సాక్ష్యమెందుకు? తర్వాత అది బుడాపెస్ట్‌కు మకాం మార్చిందంటారా, అదీ కుట్రలో భాగమే. ఆడలేనివాడికి మద్దెల ఓటిదన్నారు పెద్దలు; ఈయనకు మద్దెల మాస్కోది.

రష్యా ఉక్కులో 'స్టాలినియం' అనే దివ్యలోహం కలిపారని నమ్మే ఈ పండితులు, అంతటి కుట్రదారులు టి-72కు వెనక్కి నడిచేటప్పుడు గంటకు 4 కిలోమీటర్ల వేగమే ఎందుకిచ్చారో మాత్రం సెలవివ్వరు. రష్యా నమూనాతో మన ఆవడిలో తయారయ్యే టి-90 భీష్మ ఈ ఆటలో బ్రిటన్ ట్యాంకుల వరుసలో కొలువుదీరింది; జెండా మారాక అందులో స్టాలినియం పాళ్లు ఎంత తగ్గాయో కూడా వారే తేల్చాలి.

ఈ న్యాయపోరాటం 2021 జులైలో పరాకాష్ఠకు చేరింది. బ్రిటన్ ట్యాంకు చాలెంజర్ 2ను ఆటలో సరిగా చూపలేదని అలిగిన ఒకాయన, తాను ఆ ట్యాంకు కమాండరునని చెప్పుకుంటూ, సైన్యపు మాన్యువల్ పుటలను నలుగురి ముందూ పరిచాడు. అవి రహస్యమేనా అని సంస్థ బ్రిటన్ రక్షణ శాఖనే అడిగింది. ఆ ఉత్తరం అందుకున్న గుమాస్తా అవస్థ ఊహించండి: "అయ్యా, బొమ్మ ట్యాంకుకు కవచం చాల్లేదని మనవాడొకడు అసలు ట్యాంకు గుట్టు విప్పాడట" అని పై అధికారికి, ఆయన తన పై అధికారికి, మొహాన నవ్వు రాకుండా విన్నవించుకోవాలి కదా! అక్టోబరులో ఫ్రెంచి ట్యాంకు లెక్లెర్క్ వంతు వచ్చింది. 2022లో చైనా ట్యాంకు గుండు వివరాలు బయటపడ్డాయి.

చాలెంజర్‌లో నలుగురు మనుషులు కూర్చుంటారు. చచ్చిపోతే మళ్లీ ఆడదామని నొక్కడానికి వాళ్లకు మీట ఏదీ ఉండదు. సాయంకాలపు కాలక్షేపంలో ఓడిపోయిన అక్కసుతో తోటి సైనికుల ప్రాణాలను పణంగా పెట్టినవాడికి దేశాభిమానం మాట ఎత్తడానికి సిగ్గుండాలి. ఆ పుటలు ఇంకా రహస్యమేనని తెలుసుకుని తీసేయించింది ఎవరనుకున్నారు? వీళ్లంతా మాస్కో తొత్తులని తిట్టిపోసిన ఆ సంస్థే.