పట్టిక గారూ, తమరి కత్తెర క్షేమమా?

మహారాజశ్రీ ఒలింపిక్ ట్రాక్ సైక్లింగ్ పోటీల పట్టిక గారి దివ్యసముఖమునకు ఒక సామాన్య ప్రేక్షకుడు వ్రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరు, తమరి కత్తెర క్షేమమని తలుస్తాను. నాలుగేళ్ళకోసారి దానికి సాన పట్టిస్తుంటారు కనుక అడగనక్కరలేదు కానీ, మర్యాద అంటూ ఒకటి ఉంది కదా.

విషయానికి వస్తాను. బ్రాడ్లీ విగ్గిన్స్ అనే పొడుగాటి బ్రిటన్ ఆటగాడు తమరికి గుర్తుండే ఉంటాడు. 1980లో బెల్జియంలోని ఘెంట్‌లో పుట్టాడు. తండ్రి గ్యారీ ఆస్ట్రేలియా నుంచి వచ్చి, యూరప్ వెలోడ్రోముల్లో, అంటే సైకిల్ పందేల ట్రాకుల్లో, ఆరు రోజుల పందేలు తొక్కి బతికినవాడు. పిల్లవాడికి ఊహ తెలియకముందే ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. తల్లి లండన్ తీసుకొచ్చి పెంచింది. ఆ పిల్లవాడే 2004లో ఏథెన్స్‌లో వ్యక్తిగత పర్స్యూట్ స్వర్ణం గెలిచాడు. ఆ ఒలింపిక్స్‌లోనే నలుగురు కలిసి తొక్కే జట్టు పర్స్యూట్‌లో రజతం, ఇద్దరు జతగా తొక్కే మాడిసన్‌లో కాంస్యం తెచ్చుకున్నాడు. 2008లో బీజింగ్‌లో వ్యక్తిగత స్వర్ణం నిలబెట్టుకోవడమే కాక జట్టు స్వర్ణం కూడా గెలిచాడు.

ఇది బహిరంగ లేఖ కనుక, పక్కనుంచి తొంగిచూసే పాఠకుల కోసం పర్స్యూట్ అంటే ఏమిటో చెప్పాలి. 250 మీటర్ల చెక్క ట్రాకు, మలుపుల దగ్గర గోడలా లేచి నిలబడుతుంది. ఇద్దరు పోటీదారులు చెరో వైపు నుంచి ఒకేసారి బయలుదేరతారు. దూరం నాలుగు కిలోమీటర్లు, అంటే పదహారు చుట్లు. ఎదుటివాడిని వెనక నుంచి వచ్చి అందుకుంటే ఆట అక్కడితో సరి. లేకపోతే ముందు ముగించినవాడిదే గెలుపు. సైకిలుకు బ్రేకులుండవు, ఉన్నది ఒకటే గేరు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరగాల్సిందే, కాళ్ళు ఆపి ఊరికే దొర్లిపోవడం కుదరదు. ఎదురుగాలికి అడ్డుగా ముందు మరో మనిషి ఉండడు. విగ్గిన్స్‌కు నాలుగుంపావు నిమిషాలు పట్టేది. మొదటి కిలోమీటరులో ఆవేశపడినవాడి బండారం మూడో కిలోమీటరులో బయటపడుతుంది. దాచుకున్నవాడికి దాచుకున్నది ఖర్చుపెట్టే వ్యవధి ఉండదు. సైక్లింగ్‌లో ఇంతకంటే నిజాయితీ గల పరీక్ష నాకు తెలియదు.

1964 నుంచి తమరి ఒడిలో ఉన్న ఆ పోటీని 2009 చివరలో కొట్టివేశారు. మధ్యమధ్య గీత ముందు దాటినవారికి పాయింట్లిచ్చే పాయింట్స్ రేసును, మాడిసన్‌ను కూడా దానితో పాటే సాగనంపారు.

కారణం సమానత్వం అన్నారు. అది కాదనే ధైర్యం నాకు లేదు, ఉద్దేశమూ లేదు. బీజింగ్‌లో మగవారికి ఏడు పోటీలు, ఆడవారికి మూడు. ఆ అన్యాయాన్ని ఏనాడో సరిదిద్దాల్సింది. కానీ తమరు ఎలా సరిదిద్దారు? మొత్తం పది దాటకూడదని భీష్మించుకుని చెరో ఐదు పంచారు. ఆ పంపకంలో ఆడవారికి కొత్తవి ఇస్తూనే, ఉన్న మూడింటిలో రెండు లాక్కున్నారు. రెబెక్కా రొమెరో ఏథెన్స్‌లో పడవ పోటీల్లో రజతం గెలిచి, తెడ్డు పక్కన పడేసి సైకిలెక్కి, నాలుగేళ్ళలో బీజింగ్ వ్యక్తిగత పర్స్యూట్ స్వర్ణం గెలిచింది. సమానత్వం పేరుతో ఆమె గెలిచిన పోటీనే లేకుండా చేశారు. లండన్‌లో, సొంత దేశంలో, ఆ స్వర్ణం నిలబెట్టుకోవడానికి ఆమెకు అవకాశమే లేకపోయింది. తర్వాత టోక్యోలో పోటీలు పన్నెండు చేశారు. ఆకాశం విరిగి పడలేదు. ఆ మాట 2009లో ఎవరైనా తమరి చెవిన వేసి ఉంటే బాగుండేది.

విగ్గిన్స్ మాత్రం తమరి గుణం ముందే పసిగట్టినట్టున్నాడు. తమరు కత్తెర ఆడించడానికి అయిదు నెలల ముందే, 2009 టూర్ డి ఫ్రాన్స్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. నాలుగు నిమిషాల ఆటగాడు మూడు వారాల పందెంలో కొండలెక్కే వీరుల మధ్య ఏం చేస్తున్నాడని అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. తర్వాత నిషిద్ధ మందులు వాడినందుకు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు జాబితా నుంచి తీసేయడంతో అది మూడో స్థానమైంది. కొట్టివేత వల్ల ఆయనకు మేలు జరిగిన సందర్భం బహుశా అదొక్కటే.

2012 సంగతి తమరికి నచ్చకపోయినా చెప్పక తప్పదు. ఆ ఏడు పారిస్-నీస్, టూర్ ఆఫ్ రోమాండీ, డోఫినే అనే రోడ్డు పందేలు వరసగా గెలిచి టూర్‌కు వచ్చాడు. సుమారు 3,500 కిలోమీటర్ల టూర్ గెలిచిన మొదటి బ్రిటన్ ఆటగాడయ్యాడు. నాకు గుర్తుండిపోయింది మాత్రం జులై 22న పారిస్‌లోని షాంజెలీజే వీధి. టూర్ ఆయన ఖాతాలో పడిపోయింది. ఆఖరి రోజు, అందరికంటే ముందున్నవాడికిచ్చే పసుపు చొక్కా వేసుకున్నవాడు గుంపు మధ్యలో చల్లగా కూర్చుని, చేతులూపుతూ వస్తే సరిపోతుంది. ఈయన అలా రాలేదు. గుంపు ముందుకొచ్చి, తల వంచి, గాలికి ఎదురు నిలిచి, జట్టు సహచరుడు మార్క్ కావెండిష్‌కు దారి చేశాడు. వెనక కావెండిష్ ఒంటి మీద ప్రపంచ విజేత ఇంద్రధనుస్సు చొక్కా. యజమాని కూలిపని చేశాడు, రెండోవాడు వెళ్ళి గీత దాటాడు. ట్రాకు మీద వంతులు మార్చుకుంటూ పెరిగినవాళ్ళకు తప్ప అంత సహజంగా అది రాదని నా నమ్మకం.

ఆగస్టు 1న లండన్ ఒలింపిక్స్‌లో, హాంప్టన్ కోర్టు రాజభవనం ముందు, రోడ్డు మీద ఒంటరిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో స్వర్ణం. 44 కిలోమీటర్లు, రెండో స్థానంలో ఉన్న టోనీ మార్టిన్‌కు 42 సెకన్ల దూరం. అక్కడ అలంకారానికి వేసిన సింహాసనం మీద కూర్చుని ఫొటోలు దిగాడు. పట్టిక గారూ, తమరు గుమ్మం మూస్తే పక్కింట్లో ఉన్న తమరి తోబుట్టువు, రోడ్డు పోటీల పట్టిక గారు, పీట కాదు ఏకంగా సింహాసనమే వేశారు.

ఇక మాడిసన్. దీన్ని కొట్టివేసినందుకే తమరి మీద నాకు అసలు కోపం. 1890ల చివర న్యూయార్క్‌లో ఒక మనిషి రోజుకు పన్నెండు గంటలకు మించి పందెం తొక్కరాదని చట్టం వస్తే, నిర్వాహకులు ఇద్దరిని జతచేసి ఇరవై నాలుగు గంటలూ ఆట నడిపించారు. చట్టాన్ని గౌరవించడం అంటే ఇదీ. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పుట్టింది కనుక ఆ పేరు. ఒకడు పోటీలో ఉండగా జతగాడు ట్రాకు పైభాగాన నెమ్మదిగా తిరుగుతూ ఊపిరి పీల్చుకుంటాడు. వంతు మారేటప్పుడు అతడు కిందికి వాలుతూ చేయి వెనక్కి చాస్తాడు. దూసుకొస్తున్నవాడు ఆ చేయి అందుకుని, తన వేగమంతా ఆ భుజానికి అందించి ముందుకు విసురుతాడు. గంటకు యాభై కిలోమీటర్లకు పైగా వేగం, బ్రేకుల్లేని సైకిళ్ళు, హ్యాండిల్ మీద ఒక్క చేయి, చుట్టూ మిగతా జంటలన్నీ అదే పనిలో. పాయింట్లు ఎవరివి ఎన్నో ప్రేక్షకులకు సగంసేపు అర్థం కాదు. అర్థమయ్యేసరికి మారిపోతాయి. అదే దాని అందం.

2008లో కావెండిష్ టూర్‌లో నాలుగు దశలు గెలిచి, మిగతాది వదులుకుని బీజింగ్ వెళ్ళింది ఈ మాడిసన్ కోసమే. జతగాడు విగ్గిన్స్. ఆ ఏడాది ప్రపంచ విజేతలు వాళ్ళిద్దరే. కానీ అప్పటికే రెండు స్వర్ణాలకు ఒళ్ళు ధారపోసిన విగ్గిన్స్‌లో మిగిలిందేమీ లేదు. తొమ్మిదో స్థానం. బ్రిటన్ ట్రాక్ జట్టులో పతకం లేకుండా ఇంటికెళ్ళింది కావెండిష్ ఒక్కడే. పోనీ సొంత దేశంలో చూసుకుందామంటే 2012లో తమరి పట్టికలో మాడిసన్ లేదు.

ఉన్నది ఓమ్నియం. దాని పుట్టుక తలచుకుంటే తమరి హాస్యప్రియత్వానికి చేతులెత్తి దండం పెట్టాలి. బయటికి గెంటిన వ్యక్తిగత పర్స్యూట్‌ను, పాయింట్స్ రేసును మరో నాలుగింటితో కలిపి, ఆరూ ఆడినవారికి ఒకే పతకం అన్నారు. విరాటుడి కొలువులో భీముడు గరిటె పట్టుకుని నిలబడ్డట్టు, నలభై ఏళ్ళకు పైగా సొంత స్వర్ణం ఉన్న పర్స్యూట్ ఓమ్నియంలో ఆరో వంతుగా అజ్ఞాతవాసం చేసింది. పాండవులకు ఏడాది తర్వాత బయటపడే వీలుంది. దీనికి అదీ లేదు. టోక్యో నాటికి గడియారంతో పనిపడే అంశాలన్నీ ఓమ్నియం నుంచి తీసేశారు. దాక్కున్న చోటు నుంచి కూడా వెళ్ళగొట్టారన్నమాట. మాడిసన్ మాత్రం ఆడవారికీ మగవారికీ కూడా తిరిగొచ్చింది. ఆ ఒక్క విషయంలో తమరికి నమస్కారం.

2016లో కావెండిష్ మళ్ళీ టూర్‌లో నాలుగు దశలు గెలిచి, మళ్ళీ మధ్యలో వదిలేసి, రియోకు వెళ్ళి ఆ ఆరు గడుల ఓమ్నియంలో రజతం తెచ్చుకున్నాడు. స్వర్ణం ఇటలీకి చెందిన ఎలియా వివియానీది, ఆయనా రోడ్డు మీద పేరున్న స్ప్రింటరే. 2024 జులైలో కావెండిష్ టూర్‌లో 35వ దశ గెలిచి ఎడ్డీ మెర్క్స్ రికార్డు దాటాడు. ఆ మెర్క్స్ కూడా చలికాలంలో ట్రాకు మీద ఆరు రోజుల పందేలు గెలిచినవాడే, 1972లో మెక్సికో నగరంలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కినవాడే. తమరు వేరు చేసిన రెండు ప్రపంచాల మధ్య వీళ్ళంతా రాకపోకలు సాగిస్తూనే ఉన్నారు.

విగ్గిన్స్ కూడా తిరిగొచ్చాడు. కొండల కోసం కరిగించిన ఒంటిని మళ్ళీ ట్రాకు కోసం పెంచి, 2015 జూన్‌లో లండన్‌లో గంటలో 54.526 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టాడు. మరుసటి ఏడు కావెండిష్‌తో మాడిసన్ ప్రపంచ కిరీటం, రియోలో జట్టు పర్స్యూట్ స్వర్ణం, నవంబరులో తండ్రి తొక్కిన ఘెంట్ ట్రాకు మీద ఆరు రోజుల పందెం. తర్వాత ఆయన కథలో మచ్చలూ చేరాయి. 2012 టూర్‌కు ముందు అనుమతితో వాడిన మందు విషయంలో ఆయన జట్టు నైతిక హద్దు దాటిందని 2018లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ నివేదిక చెప్పింది. ఆయన దాన్ని ఖండించాడు. అభిమానిని కనుక ఆ సంగతి దాటవేస్తానని తమరు అనుకోకూడదు.

కనుక సవినయంగా మనవి చేసేదేమంటే, పన్నెండును పద్నాలుగు చేసి, ఆడవారికొకటి, మగవారికొకటి వ్యక్తిగత పర్స్యూట్‌ను తిరిగి చేర్చండి. ఇటలీ ఆటగాడు ఫిలిప్పో గన్నా ఆరుసార్లు ఆ పోటీలో ప్రపంచ విజేత. గంట రికార్డును 56.792 కిలోమీటర్లకు తీసుకెళ్ళాడు. రోడ్డు మీద పారిస్ ఒలింపిక్స్ టైమ్ ట్రయల్‌లో రజతం గెలిచాడు. ఆయన అన్నిటికంటే బాగా చేసే పనిని మాత్రం తమరు ఒక్కసారైనా అడగలేదు.

చిత్తగించగలరు.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక ప్రేక్షకుడు

తా.క.: 2024 అక్టోబరులో డెన్మార్క్‌లోని బాలెరప్‌లో ఇటలీకే చెందిన జొనాథన్ మిలాన్ వ్యక్తిగత పర్స్యూట్‌ను 3 నిమిషాల 59.153 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టాడు. మరుసటి జులైలో టూర్‌లో రెండు దశలు గెలిచి, స్ప్రింటర్ల ఆకుపచ్చ చొక్కా వేసుకున్నాడు. తమరి దగ్గర ఆయనకు ఇప్పటిదాకా దొరికింది జట్టులో నాలుగో వంతు మాత్రమే. 2028లో లాస్ ఏంజెలెస్‌కు వస్తే ఏ గడిలో కూర్చోబెడతారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.