ఒక్క గదేనా అన్నారు

"ఈ ఒక్క గది చూడటానికా ఇంత దూరం తీసుకొచ్చావు?" అని ఇవాళ లిచ్‌ఫీల్డ్‌లో మా బావగారు అందరి ముందూ అన్న మాట ఇంటికొచ్చి ఇంత సేపైనా నా చెవుల్లో మోగుతూనే ఉంది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఆ ప్రశాంతమైన చిన్న ఊళ్లో టాపింగ్ రీవ్ అనే లాయరు 1774లో తన ఇంట్లోనే న్యాయశాస్త్రం చెప్పడం మొదలుపెట్టారు. శిష్యులు పెరిగి ఇల్లు చాలకపోతే 1784లో ఈ చెక్క గది కట్టించారు. పేరుమోసిన హార్వర్డ్ యూనివర్సిటీలో కూడా లా స్కూల్ 1817లో గానీ మొదలుకాలేదు. 1833లో లిచ్‌ఫీల్డ్ బడి మూతపడేలోగా అక్కడ వెయ్యిమందికి పైగా చదువుకున్నారు.

చదువంటే ఎత్తైన భవనమేనని మనవాళ్లకు ఎవరు నూరిపోశారో! ఆ రోజుల్లో వకీలు కావాలనుకున్న కుర్రవాడు ఏ లాయరు దగ్గరో చేరి, దస్తావేజులకు నకళ్లు రాస్తూ, దొరికిన పుస్తకం చదువుకుంటూ, అబ్బినంత నేర్చుకునేవాడు. రీవ్, ఆ తరువాత ఆయనతో కలిసిన జేమ్స్ గూల్డ్ ఆ చదువును ఒక వరుసలో పెట్టి పాఠాలుగా చెప్పారు. పట్టాలు ఇవ్వలేదు. ఊళ్లోని ఇళ్లలో అద్దెకుండే విద్యార్థులు విన్న పాఠాన్ని బసకు వెళ్లి మళ్లీ శుభ్రంగా రాసుకుని, ఆ కాగితాలను పుస్తకాలుగా కట్టించుకుని దాచుకునేవారు. అలాంటిదొకటి అద్దం వెనుక చూశాను: సిరా గోధుమ రంగుకు తిరిగింది, అయినా అక్షరం చెదరలేదు, మార్జిన్‌లో విషయాల పేర్లు పొందికగా ఉన్నాయి. నేను దాని దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను.

అన్నిటికన్నా మనసు నొచ్చింది ఆ తరువాత. నేను ఇదంతా చెబుతున్నంతసేపూ ఫోన్ చూసుకున్న బావగారు, రీవ్‌కు స్వయానా బావమరిది అయిన ఏరన్ బర్, ఆ తరువాత జాన్ కాల్హౌన్, ఈ ఇద్దరు అమెరికా ఉపాధ్యక్షులూ ఇక్కడి శిష్యులేనని వినగానే గుమ్మం ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు. పదవి కనబడితే తప్ప చదువుకు విలువ కట్టని ఈ అలవాటు మీద నా కోపం ఇవాళ్టిది కాదు. ఆ కాల్హౌన్ బానిసత్వాన్ని మంచిదని వాదించిన మనిషి. అదే బానిసత్వం నుంచి విడుదల కోరుతూ మసాచుసెట్స్‌లో ఎలిజబెత్ ఫ్రీమన్ అనే బానిస స్త్రీ దావా వేస్తే, 1781లో థియడోర్ సెడ్జ్‌విక్ అనే మరో లాయరుతో కలిసి ఆమె పక్షాన నిలబడి గెలిపించినవారు టాపింగ్ రీవ్. మనుషులంతా పుట్టుకతో స్వతంత్రులనే ఆ రాష్ట్ర రాజ్యాంగపు మాట తనకూ వర్తిస్తుందని ఆమె అడిగింది. లా చదివే పిల్లలకు ఆ గుమ్మంలో మొదట చెప్పవలసిన పేరు ఆమెది.

ఆ పేరు నేను ఎత్తేలోగా బావగారు కారెక్కి హారన్ కొడుతున్నారు. ఫొటో అప్పటికే ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశారు, "ఉపాధ్యక్షులు చదివిన కాలేజీ" అని. రీవ్ పేరు కూడా రాయలేదు.