గొర్రెగారి బయోడేటా

అమెరికాలో గొర్రెలకు పేర్లుంటాయి. పేరొక్కటే అయితే ఊరుకునేవాణ్ణి. ఆ పేరును అట్టముక్క మీద అచ్చు వేయించి, పక్కన ఫొటో అతికించి, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల వివరాలు, గుణగణాలు రాసి, ఆ గొర్రె ఒంటి మీద నుంచి తీసిన ఉన్ని సంచికి వేలాడదీస్తారు. నేను చదివిన అట్ట మీద 'నెమ్మదస్తురాలు. పిల్లలంటే ఇష్టం. ఆపిల్ పండ్లు ఇష్టంగా తింటుంది' అని ఉంది. గోత్రం, జన్మనక్షత్రం కూడా చేరిస్తే మన పెళ్ళిళ్ళ పేరయ్యలు సంచిలో పెట్టుకుని ఊరూరా తిరగవచ్చు.

అమ్మ అక్క దగ్గర ఉంటోంది కాబట్టి, మాకిప్పుడు దసరాకు ఇంటికి వెళ్ళడమంటే హడ్సన్ నది ఒడ్డున ఉన్న పొకీప్సీకి వెళ్ళడమే. ఐబీఎం ఊరు కదా, తెలుగువాళ్ళకు కొదవ లేదు. పండగ అయ్యాక తోచక అందరం బావ కారెక్కి రైన్‌బెక్ అనే ఊరికి వెళ్ళాం. ఏటా అక్టోబరు మూడో వారాంతంలో అక్కడ న్యూయార్క్ రాష్ట్ర గొర్రెలు-ఉన్ని ఉత్సవం జరుగుతుంది. ఆ రెండు రోజులు కొన్ని మైళ్ళ ముందు నుంచే కార్లు బారులు తీరతాయి. మేడారం వెళ్ళినవారికి ఈ దారి కొత్తేమీ కాదు, అమ్మవార్ల బదులు గొర్రెలుంటాయి, అంతే.

ఈ జాతరకు దీక్షావస్త్రం కూడా ఉంది. దాని పేరు రైన్‌బెక్ స్వెటర్. ఈ రెండు రోజుల్లో వేసుకు తిరగడానికే నెలల తరబడి కూర్చుని అల్లుకుంటారు. ఆకులు రంగు మారిన చలికాలపు అంచు కదా అని అల్లుకున్నారు గానీ, మేం వెళ్ళిన రోజున సూర్యుడికి ఆ సంగతి తెలిసినట్టు లేదు. మెడ దాకా ఉన్ని, నుదుటి మీద చెమట. అయినా ఒక్కరూ విప్పలేదు. భక్తి అంటే అది.

ఈ పిచ్చి నిన్నమొన్నటిది కాదు లెండి. పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న రాబర్ట్ లివింగ్‌స్టన్ 1802లో ఫ్రాన్స్ నుంచి మెత్తటి ఉన్నికి పేరుపడ్డ మెరినో గొర్రెలను ఈ పక్కనే ఉన్న తన క్లెర్మాంట్ ఎస్టేటుకు పంపించాడు. మరుసటి ఏడాది ఫ్రాన్స్ దగ్గర అమెరికా విశాలమైన భూభాగాన్ని కొనేసిన లూసియానా కొనుగోలు బేరంలోనూ ఆయన ఉన్నాడు. ముందు గొర్రెలు, తరువాత దేశంలో పెద్ద ముక్క. రాజనీతిలో వరస తెలిసిన మనిషి.

కానీ నేను కదలకుండా నిలబడిపోయింది ఉన్ని పోటీ దగ్గర. పెద్ద బల్ల మీద ఒక గొర్రె ఉన్ని మొత్తాన్ని, విప్పిన దుప్పటిలా పరిచారు. న్యాయనిర్ణేత వచ్చి ఒక పోగు లాగాడు. వెలుతురుకు పట్టి చూశాడు. వాసన చూశాడు. వేళ్ళ మధ్య సాగదీశాడు. తరువాత దాని రెండు కొసలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని టక్కున లాగాడు. చుట్టూ జనం ఊపిరి బిగబట్టారు. నా పక్కన ఒకాయన టోపీ తీశాడు. మళ్ళీ లాగాడు. మళ్ళీ విన్నాడు. తల ఊపాడు. ఆ తల ఊపడంలో అర్థమేమిటో తెలియక ఉన్ని యజమానురాలి ముఖం పాలిపోయింది. ఇంకో పోగు తీశాడు, ఈసారి రెండో చెవికి. ఒక చెవి పక్షపాతం చూపిస్తుందేమోనని కాబోలు.

నవ్వు ఆపుకోలేక బావను అడిగితే, ఆయన ఎవరినో కనుక్కుని చెప్పాడు. పోగు గట్టిదైతే ఖంగుమంటుందట, బలహీనమైతే చిటపటమని తెగుతుందట. గొర్రెకు జబ్బు చేసినా, మేత దొరకకపోయినా, ఆ రోజుల్లో పెరిగిన చోటనే పోగు తెగుతుందట. అంటే గొర్రె ఏ నెలలో పస్తులున్నదో ఆయన చెవితో వింటున్నాడన్నమాట. నా నవ్వు అక్కడితో ఆగింది.

అమ్మ మాత్రం ఇదేమీ పట్టించుకోలేదు. సిద్దిపేట దగ్గర మా అమ్మమ్మగారింటి ఎదురుగా గొర్రెలు కాసి గొంగళ్ళు నేసే కురుమవాళ్ళ ఇళ్ళుండేవి. ఆడవాళ్ళు రాట్నం మీద ఉన్ని వడికేవారు, మగవాళ్ళు గుంటమగ్గం మీద నేసేవారు. మగ్గం మీది నిలువు పోగులకు, అంటే పడుగుకు, చింతగింజల గంజి పట్టించే రోజున వీధంతా అదే వాసన అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆమె మెరినో ఉన్నిదారపు చుట్ట, అదే చిలప, ఒకటి చేతిలోకి తీసుకుని, నలిపి, ధర అడిగింది. 100 గ్రాములు 30 డాలర్లు.

"ఇంత మెత్తగా ఉంది, వానకు ఆగుతుందా?" అంది.

అక్క ఆ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చి అడిగింది. అమ్మే ఆవిడ కంగారుపడి, ఇది వానలో వేసుకునేది కాదనీ మెడకు చుట్టుకునేదనీ చెప్పింది.

"మరెందుకు?" అని అమ్మ చిలపను యథాస్థానంలో పెట్టేసింది.

వానకు ఆగే ఉన్ని మన దగ్గర ఉంది. నల్లటి దక్కనీ గొర్రెది. గరుకుగా ఉంటుంది గానీ, నీరు తొందరగా దిగదు. తల మీదుగా ముసుగులా కొప్పెర పెట్టుకుని కాపరి మంద వెనక రాత్రంతా తిరిగేది ఆ ఉన్నితో నేసిన గొంగడితోనే. ఇప్పుడు ఆ ఉన్నికి కొనేవాడు లేడు. కత్తెర వేసినవాడికి కూలి తన చేతి నుంచి ఇచ్చి, ఉన్నిని గట్టు మీద పారేసి వెళ్ళే కాపరులున్నారు. ఇక అమెరికాలోనూ ఐరోపాలోనూ పారేసిన పాత ఉన్ని బట్టలు పానిపట్టు చేరి, అక్కడ చించి, మళ్ళీ వడికి, చవక దుప్పట్లవుతాయి. అవే మన సంతలకు వస్తాయి. కాపరి తన ఉన్నిని గట్టు మీద వదిలి, ఎవరిదో పాత కోటు కప్పుకుంటాడు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుతున్నారని వెక్కిరించే మనకు, ఇప్పుడు ఏరడానికి వెంట్రుకలూ మిగలడం లేదు.

గొర్రెల మీద ప్రభుత్వానికి ప్రేమ లేదనడానికి వీల్లేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి 1.25 లక్షల రూపాయల యూనిట్‌గా, 75 శాతం రాయితీతో పంచింది. కాగితాల మీద మేసిన గొర్రెల లెక్క దర్యాప్తు సంస్థలు తేలుస్తాయి, దాని జోలికి నేను పోను. ఆ పథకంలో మాంసానికి లెక్క ఉంది, ఉన్నికి లేదు. గొర్రె పశుసంవర్ధక శాఖది, మగ్గం చేనేత శాఖది, మధ్యలో ఉన్ని గాలిది. కేంద్ర ఉన్ని అభివృద్ధి బోర్డు ఉండనే ఉంది, జోధ్‌పూర్‌లో.

అయితే గొంగడికి గిరాకీ పూర్తిగా పోయిందని ఎవరన్నారు? ఎన్నికలొస్తే చాలు. వేదిక ఎక్కిన ప్రతి నాయకుడి భుజాన గొంగడి, చేతిలో కర్ర, చంకలో గొర్రెపిల్ల. గొర్రెపిల్ల భయంతో అరుస్తుంటే నాయకుడు ఫొటోకు నవ్వుతాడు. మెడ దగ్గర గుచ్చుకుంటుంది, గోక్కుంటే బాగుండదు, భుజాలు మెల్లగా కదిలిస్తాడు. ఫొటో అయిన మరుక్షణం అంగరక్షకుడు ఆ గొంగడిని చుట్ట చుట్టి పట్టుకుంటాడు. ఏ పార్టీ అని అడగకండి, అన్ని పార్టీల భుజాలూ ఒక్కలాగే దురద పెడతాయి.

సిగ్గుండాలి. నేసే చేతులు ముసలివైపోయాయి, మగ్గం గుంటల్లో కోళ్ళు పడుకుంటున్నాయి, మీకు మాత్రం అయిదేళ్ళకోసారి కొత్త గొంగడి కావాలి! అది మీకు సత్కారమని ఇస్తున్నారనుకుంటున్నారా? వాళ్ళ దగ్గర మిగిలింది అదొక్కటే కాబట్టి ఇస్తున్నారు. దాన్ని పొగడవద్దు, సంస్కృతి అని ఉపన్యాసం చెప్పవద్దు. కొనండి. అడవుల్లో కాపలా ఉండే అటవీ సిబ్బందికి, రాత్రి గస్తీ వాళ్ళకు, చలి మంటల దగ్గర వణికే కూలీలకు మీరు ఏటా కొని పంచే దుప్పట్లలో కొన్నింటినైనా ఆ మగ్గాల మీద నేయించండి. గరుకుగా ఉంటుందని మాత్రం అనకండి, ఆ సంగతి వేదిక మీద మీకు రెండు నిమిషాల్లోనే తెలిసింది, అయినా ఫొటో అయ్యేదాకా ఓర్చుకున్నారు. టెండరు పిలవండి. కొలతలు కురుమ వాడలో అడిగితే చెబుతారు.